నడినెత్తిన ఎండ, ఇంట్లో ఆగిన ఫ్యాను

హన్మకొండలో మా డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పలకలు బిగించి నాలుగేళ్లు దాటింది. బిల్లు ఎంత తగ్గిందన్నది పెట్టించుకున్న వాళ్లందరూ చెప్పేదే కనుక దాన్ని వదిలేస్తున్నాను. నేను చెప్పదలచింది, కరెంటు పోయినప్పుడు ఈ పలకలు ఏం చేస్తాయన్న ఒక్క సంగతి. ఏమీ చేయవు.

ఈ సంగతి నాకు రెండో ఎండాకాలంలో తెలిసింది. సాయంత్రం గాలిదుమారం లేచి, మా గల్లీలో వేపకొమ్మ విరిగి తీగల మీద పడటంతో రెండు స్తంభాలు ఒరిగిపోయాయి. మర్నాడు ఆకాశం కడిగినట్టుంది. పదకొండు గంటలకు పలక అంచు మీద చెయ్యి పెడితే చుర్రుమంది, కాని పలకల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే, మెట్ల కింద ఉన్న ఇన్వర్టర్‌లో ఎర్ర దీపం ఒక్కటే మిణుకుమిణుకుమంటోంది. చెడిపోయిందనుకొని మూడుసార్లు ఆపి, మళ్లీ వేసి చూశాను. బిగించినతనికి ఫోన్ చేస్తే, "లైన్ల కరెంటు లేదు కద సార్, అట్లనే ఉంటది" అన్నాడు. అమ్మేటప్పుడు ఈ మాట అతని నోట రాలేదు. ఎనభై దాటిన మా అమ్మ గడప దగ్గర విసనకర్రతో కూర్చుంటే చూడలేక, ఎదురింటివాళ్లు తమ పెట్రోలు జనరేటర్ నుంచి వైరు లాగి ఒక టేబుల్ ఫ్యాను తిప్పారు. నెత్తి మీద మూడు కిలోవాట్లు పెట్టుకున్నవాడు ఆ పూట ఎదురింటి పెట్రోలుతో గట్టెక్కాడు.

మధ్యాహ్నం స్తంభం దగ్గరికి వెళ్లి నా గోడు వెళ్లబోసుకుంటే, లైన్‌మన్ పైనున్న తన హెల్పర్‌ను చూపించి, "మీ పలకలు ఊకోకుండ కరెంటు ఎదురు పంపితే వాని గతేంది సార్?" అన్నాడు. లైనులో కరెంటు లేదని తెలిసిన క్షణంలోనే ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోయేలా చేసింది అందుకేనట. అప్పటి నుంచి యంత్రం మీద నా కోపం తగ్గింది, చెప్పకుండా అమ్మినవాడి మీద మాత్రం తగ్గలేదు.

భూపాలపల్లి గనిలో పనిచేసే మా బామ్మర్దికి ఈ కథ వినోదమైంది. "నీ సోలార్‌కు సుత మా బొగ్గే దిక్కు బావా" అని ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు. అందులో అబద్ధం లేదు, ఎందుకంటే రాత్రి మా ఇంట్లో వెలిగే దీపం చెల్పూరు, రామగుండం లాంటి బొగ్గు కరెంటు కేంద్రాల నుంచి వచ్చే కరెంటుతో కలిసిన లైనుదే. బొగ్గును కుప్ప పోసి దాచుకోవచ్చు, ఎండను దాచలేము. 2023 జూలై ఆఖరున భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి ఊరు మునిగిన ఆ ముసురులో మా పలకలు రోజుకు రెండు యూనిట్లు కూడా ఇవ్వలేదు. అయితే అలాంటి వానకు నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనుల్లో నీళ్లు నిండి బొగ్గు తీయడమూ ఆగుతుందని, ఆ రోజుల్లో నడిపించేది ముందు పోసిన కుప్పేనని మా బామ్మర్దే ఒప్పుకున్నాడు. యూనిట్ కరెంటుకు ముప్పాతిక కిలోకు అటూ ఇటూగా బొగ్గు కాలుతుంది. మా డాబా ఏడాదికి ఇచ్చే దాదాపు నాలుగు వేల యూనిట్లను ఆ లెక్కన చూస్తే రెండున్నర టన్నుల పైమాటే, దానితోపాటు మిగిలే బూడిద వేరే.

మొదట్లో నేను అందరితో, మన వరంగల్ ఎండలకు మే నెలలో పంట పండుతుందని చెప్పేవాణ్ని. ఆ మాటను కొంత సవరించుకోవాలి. పలక కాగినకొద్దీ దాని దిగుబడి తగ్గుతుంది, అందువల్ల మా మీటరులో మే కంటే మార్చి లెక్కే మెరుగ్గా ఉంటోంది. ఖర్చు ఏమీ ఉండదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. కోతులు రెండుసార్లు వైర్లు పీకాయి, చివరికి ఇనుప గొట్టంలో వేయించాల్సి వచ్చింది.

కొత్తగా పెట్టించుకునేవాళ్లకు 2024 నుంచి మూడు కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. ఇంట్లో పెద్దవాళ్లుండి, గల్లీలో కరెంటు తరచుగా పోయేవాళ్లు సబ్సిడీతో మిగిలిన డబ్బుకు ఇంకొంత కలిపి, లైను పోయినా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ గురించి ముందే అడగడం మంచిది. నేనైతే రెండు ఫ్యాన్లకు సరిపడా విడిగా ఒక బ్యాటరీ కొన్నాను, దాన్ని లైను కరెంటుతోనే నింపుతున్నాను. మొత్తం మార్చేద్దామంటే, మెట్ల కింది పాత ఇన్వర్టర్ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెడిపోలేదు.