పాతిక సైట్ల కాపురం: రీసెల్లర్ హోస్టింగ్ ఎంతవరకు పనికొస్తుంది?

కడియం నర్సరీకో, ఆత్రేయపురం పూతరేకుల కొట్టుకో, భీమవరం రొయ్యల వ్యాపారికో సైటు చేసిచ్చిన ఫ్రీలాన్స్ డిజైనర్‌కి ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట ఎదురవుతుంది: "ఆ హోస్టింగేదో కూడా మీరే చూసుకోండి, ఏడాదికెంతో చెప్పండి." దానికి ఊఁ కొట్టేవాళ్లలో చాలామంది కొనేది సీప్యానెల్ (సైటుని నడిపించే కంట్రోల్ ప్యానెల్) రీసెల్లర్ ప్లాను, అంటే సర్వర్‌లో జాగా మొత్తంగా కొని కస్టమర్లకి పంచి ఇచ్చేది. మీకో డబ్ల్యూహెచ్‌ఎం (కస్టమర్ల ఖాతాలన్నీ చూసుకునే పై ప్యానెల్) లాగిన్ ఇస్తారు. దాని కింద కస్టమరుకొకటి చొప్పున సీప్యానెల్ ఖాతాలు మీరే తెరుచుకోవచ్చు. పది నుంచి నలభై సైట్లు చూసేవాళ్లకి ఇది కొనదగ్గ సరుకే. ఈమెయిల్ మాత్రం ఇందులో పెట్టకండి.

ముందు ధర సంగతి. 2019 నుంచి సీప్యానెల్ లైసెన్సు ఖాతాల లెక్కన నడుస్తోంది కాబట్టి, ప్లాను చూసేటప్పుడు జీబీల కన్నా ముందు ఖాతాలెన్నో చూడండి. నెలకి 1,500 రూపాయల ప్లాను తీసుకున్నారనుకుందాం. 18 శాతం జీఎస్టీతో 1,770, ఏడాదికి 21,240. పాతిక సైట్లకి పంచితే సైటుకి 850. బోల్తా పడేది ఇక్కడే. 850 ఖర్చుకి 2,000 వస్తుంటే మిగులేగా అనిపిస్తుంది. చేతి పని ఎవరు లెక్కేస్తారు? ప్లగిన్ల అప్‌డేట్లు, బ్యాకప్ సరిచూడటం, ఫోన్ నంబరు మార్చమనో ఫొటో తీసేయమనో వచ్చే చిన్న పనులు అన్నీ కలిపి సైటుకి నెలకి అరగంట, ఏడాదికి 6 గంటలు. గంటకి 500 వేసుకున్నా 3,000. డొమైన్ కలపకముందే 3,850 అయింది. 5,000కి తగ్గితే గిట్టదు. రాబడి ఏడాదికి 20 లక్షల లోపైతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గానీ, హోస్టింగ్ మీద కట్టిన పన్ను వెనక్కి రాదు, అది మీ ఖర్చే.

డబ్ల్యూహెచ్‌ఎంలో మొదటి పని ప్యాకేజీలు, అంటే ఖాతాకి ఎంత జాగా అన్న హద్దులు, తయారు చేసుకోవడం. "అన్‌లిమిటెడ్" అని వదిలేస్తే ఒక నర్సరీవాళ్లు ఫోన్లో తీసిన 5 ఎంబీ మొక్కల ఫొటోలు వెయ్యి ఎక్కించి, మొత్తం ప్లానులో 5 జీబీ మింగేస్తారు. ఖాతాకి 3 జీబీ పెట్టి, ఫొటోల్ని వెబ్‌పీలోకి (తక్కువ సైజు ఫొటో ఫార్మాట్) మార్చే ప్లగిన్ వేస్తే సరి. జాగా నిండకుండానే ఇనోడ్ల హద్దు దాటే సైట్లూ ఉంటాయి. ఒక్కో ఫైలుకి ఒక్కో ఇనోడ్ పోతుంది. పేరుకుపోయిన క్యాష్ (వేగం కోసం దాచిపెట్టే పేజీల నకళ్లు) ఫైళ్లు, పాత థంబ్‌నెయిల్సే సాధారణంగా దీనికి కారణం.

ఎస్‌ఎస్‌ఎల్ (సైటుకీ చూసేవాళ్లకీ మధ్య సమాచారాన్ని కాపాడే భద్రత) విషయంలో ఈ ప్లాన్లకి మంచి మార్కులే వేయాలి. ఆటోఎస్‌ఎస్‌ఎల్ ఉచితంగా సర్టిఫికెట్ తెచ్చి, 90 రోజుల గడువు ముగిసేలోపు తనే మళ్లీ తెస్తుంది. అది ఆగిందంటే చాలాసార్లు తప్పు సైటు వైపే ఉంటుంది: డొమైన్ ఇంకో సర్వర్‌కి చూపిస్తుండటం, లేదా సర్టిఫికెట్ తనిఖీ జరిగే డాట్ వెల్‌నోన్ ఫోల్డర్ని కూడా సెక్యూరిటీ ప్లగిన్ అడ్డుకోవడం. "నాట్ సెక్యూర్ అని వస్తోందండి" అని ఫోన్ వస్తే ముందు ఈ రెండూ చూడండి.

ఇక మెయిల్. పాతిక ఖాతాలూ ఒకే ఐపీ అడ్రసు మీంచి మెయిల్ పంపుతాయి. వాటిలో ఒకరి కాంటాక్ట్ ఫారంలోంచి ఎవడో స్పామ్ తోలితే ఆ ఐపీ బ్లాక్‌లిస్టులో పడుతుంది, రొయ్యల ఎగుమతిదారు విదేశీ కొనుగోలుదారుకి పంపిన ఇన్‌వాయిస్ స్పామ్ ఫోల్డర్లోకి పోతుంది. పైగా ఆ ఐపీ మీద మీ వాళ్లే కాదు, ముక్కూ మొహం తెలియని వేరే రీసెల్లర్ల కస్టమర్లూ ఉంటారు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఎస్‌పీఎఫ్, డీకిమ్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని చూపే రికార్డులు) దగ్గర మరీ పట్టుగా ఉంది. అందుకే మెయిల్‌ని గూగుల్ వర్క్‌స్పేస్‌కో జోహో మెయిల్‌కో మార్చి, ఆ బిల్లు కస్టమరు చేతే నేరుగా కట్టించండి.

మార్చేటప్పుడు తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఎంఎక్స్ రికార్డులు (డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేవి) మార్చి ఊరుకుంటారు. బయటివాళ్ల మెయిళ్లు చక్కగా వస్తుంటాయి, సైటు ఫారం నుంచి రావాల్సిన ఎంక్వైరీలు మాత్రం రావు. ఆ డొమైన్ మెయిల్ తన దగ్గరే ఉందనుకుని సర్వర్ వాటిని లోపలి పెట్టెలోనే పడేస్తుంది. సీప్యానెల్‌లో ఈమెయిల్ రౌటింగ్ తెరిచి "రిమోట్ మెయిల్ ఎక్స్‌ఛేంజర్" ఎంచుకుంటే సరిపోతుంది. ఎస్‌పీఎఫ్ రికార్డు కూడా డొమైన్‌కి ఒక్కటే ఉండాలి. పాతది ఉంచి పక్కన కొత్తది పెడితే రెండూ చెల్లవు.

వేగానికి వస్తే, సర్వర్ ముంబైలోనో బెంగళూరులోనో ఉండి, లైట్‌స్పీడ్ (వేగంగా పనిచేసే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) ఉంటే చాలు. లైట్‌స్పీడ్ క్యాష్‌తో మన ప్రాంతానికే తగిలే చిక్కొకటి ఉంది. రొయ్యల కొనుగోలుదారుల సైట్లలో 30 కౌంట్ నుంచి 100 కౌంట్ దాకా (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) ఏ రోజు రేటు ఆ రోజు పెడతారు. ఆ రేట్లు గూగుల్ షీట్ నుంచి వస్తుంటే, షీట్ మారిన సంగతి క్యాష్‌కి తెలియదు. ప్లగిన్‌లో మామూలుగా ఉండే గడువు వారం. అంటే చెరువు గట్టు మీద రైతు ఫోన్లో పోయిన వారం రేటు చూస్తుంటాడు! రేట్ల పేజీ చిరునామాని "డు నాట్ క్యాష్" జాబితాలో వేయాల్సిందే.

పూతరేకుల సైట్లది ఇంకో తంటా. సంక్రాంతికి ముందు ఆర్డర్లు ముంచుకొస్తాయి. వూకామర్స్ (వర్డ్‌ప్రెస్ షాపింగ్ ప్లగిన్) కార్ట్, చెకౌట్ పేజీలకి క్యాష్ పనిచేయదు, ప్రతి క్లిక్కూ సర్వర్లో సైటు ప్రోగ్రాం నడిపే పీహెచ్‌పీ దాకా వెళ్తుంది. ఖాతాకిచ్చిన ఎంట్రీ ప్రాసెస్‌లు (ఒకేసారి నడవగల అలాంటి పనుల హద్దు) నిండగానే 508 ఎర్రర్. వర్డ్‌ప్రెస్ సొంత క్రాన్ (టైము ప్రకారం పనులు నడిపేది) ఆపేసి, సీప్యానెల్ నుంచి 15 నిమిషాలకోసారి నడిపితే కొంత తెరిపి. అప్పటికీ తట్టుకోకపోతే ఆ ఒక్క సైటునీ డిసెంబరులోనే మేనేజ్డ్ వీపీఎస్‌కి (నిర్వహణ కంపెనీయే చూసుకునే విడి వర్చువల్ సర్వర్) మార్చండి. అన్నిటికీ వీపీఎస్ కొనేసి, ప్యాచ్‌లూ ఫైర్‌వాలూ నెత్తినేసుకోవడం ఒంటరిగా పనిచేసేవాళ్లకి దండగ. అయిదు సైట్లే ఉంటే రీసెల్లర్ కూడా దండగే, కస్టమరు పేరునే మామూలు ప్లాను కొనిపించి సపోర్టుకి మాత్రం డబ్బు తీసుకోండి.

హోస్టింగ్ కంపెనీ బ్యాకప్ ఉంది కదాని నిద్రపోకండి. ప్లాను ఆగిపోతే దాంతోపాటు అదీ పోతుంది. వారానికోసారి గూగుల్ డ్రైవ్‌కో అమెజాన్ ఎస్3కో వెళ్లే బ్యాకప్ వేరే పెట్టి, మూణ్ణెల్లకోసారి ఒక సైటుని ఖాళీ ఖాతాలో తిరిగి నిలబెట్టి చూడండి.

డొమైన్ ఎప్పుడూ కస్టమరు పేరున, వాళ్ల మెయిల్‌తో, వాళ్ల ఫోన్‌తో ఉండాలి. ఆటో రెన్యూవల్ ఉందని నమ్మొద్దు. 2021 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు ఆటో డెబిట్ నిబంధనలు అమల్లోకి వచ్చాక, ఈ-మాండేట్ (ఆటో కోతకి ముందే ఇచ్చే అనుమతి) లేని కార్డుల మీద డబ్బు కోత పడదు. డాట్‌కామ్ గడువు దాటి రిడెంప్షన్‌లోకి (పోయిన డొమైన్‌ని తిరిగి తెచ్చుకునే చివరి దశ) పోతే మామూలు రుసుము మీద ఇంకా చాలా కట్టాలి. 45 రోజుల ముందే వాట్సాప్‌లో గుర్తుచేసి, కట్టిన రసీదు తెప్పించుకోండి.

కంపెనీ మారాల్సి వస్తే ముందు రోజే డీఎన్‌ఎస్‌లో (డొమైన్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే రికార్డులు) టీటీఎల్‌ని, అంటే పాత చిరునామాని గుర్తుంచుకునే సమయాన్ని, 300 సెకన్లకి తగ్గించండి. ప్రతి ఖాతాకీ ఫుల్ బ్యాకప్ తీసి కొత్త చోట ఎక్కించి, కంప్యూటర్లో హోస్ట్స్ ఫైలు (మీ ఒక్క కంప్యూటర్‌కే డొమైన్‌ని కొత్త సర్వర్‌కి చూపించేది) మార్చి సైటు చూసుకున్నాకే రికార్డులు తిప్పండి. పాత ప్లాను ఇంకో వారం ఉంచుకోండి. ఈ పని పండగ నెల పెట్టుకోవద్దు.