ట్రఫుల్ కిట్ కొన్నాను, పనికొచ్చింది మౌల్డ్ ఒక్కటే

మా అబ్బాయి పుట్టినరోజుకి ఇంట్లోనే చాక్లెట్లు చేద్దామని ఆన్‌లైన్‌లో 749 రూపాయలు పెట్టి ఫ్రూట్ ట్రఫుల్ (క్రీమ్ కలిపిన మెత్తటి చాక్లెట్ ఉండ) కిట్ ఒకటి తెప్పించాను. కంపెనీ పేరు వదిలేస్తున్నా. పెట్టె మీద మామిడిపండు, స్ట్రాబెర్రీ, నారింజ బొమ్మలు చూస్తే నోరూరిపోతుంది. లోపల మాత్రం డార్క్ కాంపౌండ్ బార్, వేలెడంత ఫ్లేవర్ సీసాలు మూడు, కోకో పౌడర్ ప్యాకెట్, సిలికాన్ మౌల్డ్, కాసిని మెరుపు కాగితాలు. పండు బొమ్మలోనే ఉంది, డబ్బాలో లేదు.

కాంపౌండ్ అని నేను మరీ తిట్టను. కోకో బటర్ బదులు వేరే కొవ్వు వేస్తారు కాబట్టి టెంపరింగ్ (చాక్లెట్‌ని లెక్కగా వేడిచేసి చల్లార్చడం) గొడవ లేదు, మన ఎండలకీ కాస్త తట్టుకుంటుంది. కానీ అసలు చాక్లెట్ నోట్లో వేసుకోగానే కరిగేది ఆ కోకో బటర్ వల్లే. అది సుమారు 34 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడి కన్నా కొంచెం తక్కువలోనే కరిగిపోతుంది. ఇదేమో అంగిట్లో మైనంలా అతుక్కుని, మంచినీళ్లు తాగితే గానీ వదల్లేదు.

అసలు టెన్షన్ ఫ్లేవర్ దగ్గర మొదలైంది. బార్ కరిగించి అందులో ఒక చెంచా ఫ్లేవర్ కలిపి మౌల్డ్‌లో పోయమని కాగితం మీద రాశారు, క్రీమ్ ఊసే లేదు (క్రీమ్ లేకపోతే అది ట్రఫుల్ ఎలా అవుతుందో వాళ్లకే తెలియాలి). సరే అని ఆరెంజ్ సీసా వంచానో లేదో, అప్పటిదాకా నేతిలా జారుతున్న చాక్లెట్ కాస్తా తడిసిన ఇసకలా ముద్ద కట్టేసింది. ఆ ఫ్లేవర్‌లో నీళ్లున్నాయి. కరిగిన చాక్లెట్‌కి చెంచా నీళ్లు తగిలినా ఇంతే, విచిత్రం ఏంటంటే ఇంకాస్త తడి పోస్తే మళ్లీ దారికొస్తుంది. వేడి క్రీమ్ చెంచా చెంచాగా పోస్తూ గట్టిగా తిప్పితే నున్నగా అయింది. అంత కష్టపడి చేసి మా అత్తయ్యకి ఒకటి పెడితే, "ఏంటమ్మా, దగ్గు మందు చాక్లెట్‌లో పెట్టావా?" అన్నారు. తప్పేం లేదు, నిజంగా అలాగే ఉంది.

తర్వాతి ఆదివారం ఆ సీసాల జోలికి పోకుండా చేశాను. ఎండాకాలంలో ఫ్రీజర్‌లో దాచిన బంగినపల్లి గుజ్జు 200 గ్రాములు, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి సన్న సెగ మీద 60 గ్రాములకి వచ్చేదాకా ఉడికించాను. గరిటెతో గీస్తే గిన్నె అడుగు కనబడాలి, గీత వెంటనే పూడిపోకూడదు. నీరు ఉంటే ట్రఫుల్ గట్టిపడదు, అందుకే ఇంత ఓపిక. 250 గ్రాముల వైట్ చాక్లెట్ కరిగించి (వెనక పదార్థాల్లో కోకో బటర్ ఉందో లేదో చూసి కొనండి), 40 గ్రాముల వేడి క్రీమ్, ఈ గుజ్జు కలిపాను. డార్క్‌లో కూడా ప్రయత్నించా గానీ ఆ చేదులో మామిడి పత్తా లేకుండా పోయింది. డార్క్‌కి కమలా తొక్కే సరి, పైపైన తురిమి వేడి క్రీమ్‌లో పది నిమిషాలు నానబెట్టి వడకట్టి వాడితే చాలు. మధ్యలో ఆత్రేయపురం మామిడి తాండ్ర చిన్న ముక్క పెట్టినవైతే ముందు అయిపోయాయి.

మౌల్డ్‌కి మాత్రం వంక పెట్టలేను. మెత్తటి మిశ్రమం చేత్తో చుడితే సున్నుండల్లా కుదరదు, అరచేతి వేడికే కరిగి వేళ్లకి పూసుకుపోతుంది. మౌల్డ్‌లో వేసి ఫ్రీజర్‌లో రెండు గంటలు ఉంచి వెనకనుంచి నొక్కితే గుండ్రంగా ఊడొచ్చాయి, కోకోలో దొర్లించి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టా. మూత సంగతి మర్చిపోవద్దు, మొదటిసారి అల్లం వెల్లుల్లి ముద్ద పక్కన ఊరికే పెట్టి నాలుగు పారేశాను.

కిట్‌కి రెండు స్టార్లు, రెండూ మౌల్డ్‌కే. ఆరెంజ్ సీసా ఇంకా సగం ఉంది, ఎవరికైనా కావాలంటే ఫ్రీగా ఇచ్చేస్తా.