సూపర్‌మార్కెట్ ఆన్‌లైన్ ఆర్డర్: గుమ్మం దగ్గర వాపసు తీసేశాక

విశాఖలో నేను సరుకులు తెప్పించుకునే సూపర్‌మార్కెట్ యాప్‌లో ఫ్రీ డెలివరీకి కనీస బిల్లు 799 నుంచి 1,499కి పెంచారు, సరే. దుకాణానికి వెళ్లి కొంటే పడే పాయింట్లు యాప్‌లో కొంటే పడకుండా చేశారు, అదీ సర్దుకోవచ్చు. సరుకు తెచ్చిన అబ్బాయి ముందే సంచి విప్పి చూసుకుని, బాగాలేనిది అప్పటికప్పుడు తిరిగిచ్చేసే వీలు తీసేయడం మాత్రం అస్సలు మింగుడు పడడం లేదు. నాలుగేళ్లుగా ఈ యాప్‌ని వదలకుండా వాడటానికి కారణం ఆ ఒక్క సౌకర్యమే. దాన్ని ఒక్క ప్రకటన కూడా లేకుండా ఎత్తేశారు.

పాత పద్ధతి తెలియనివాళ్లకి చెప్తాను. క్రేటు గుమ్మం దగ్గర దింపి, బిల్లు కాగితం చేతిలో పెట్టేవారు. బెండకాయ చివర విరిచి చూడటం, టమాటా సంచిని అడుగు నుంచి తడిమి చూడటం, గుడ్ల అట్ట ఎత్తి కింద తడి ఉందేమో చూడటం, అంతా కలిపి అయిదు నిమిషాల పని. వద్దన్నదాన్ని డెలివరీ అబ్బాయి తన ఫోన్‌లో నొక్కగానే బిల్లు తగ్గేది, మిగిలిన మొత్తానికే క్యూఆర్ కోడ్ వచ్చేది. డబ్బు చేతులు మారకముందే లెక్క తేలిపోయేది. ఫిర్యాదనేదే పుట్టేది కాదు.

ఇప్పుడు ముందు ఓటీపీ అడుగుతారు. అది చెప్పగానే ఆర్డర్ మూసుకుపోతుంది. ఆ తర్వాత ఏం బాగాలేకపోయినా యాప్‌లో సహాయం విభాగానికి వెళ్లి ఫొటో పెట్టుకోవాలి. కూరగాయలు, పండ్లు, పాలు అయితే 24 గంటల్లోపు, ప్యాకెట్ సరుకైతే 48 గంటల్లోపు. ఒక్కో వస్తువుకి ఒక్కటే ఫొటో.

ఆ ఒక్క ఫొటోతో ఏం తేలుతుందో శ్రావణ శుక్రవారం పూజకి తెప్పించిన మూడు కొబ్బరికాయలు చూపించాయి. కాయ 38 రూపాయలు. పిలక పూర్తిగా తీసేసి, పైన పల్చటి ప్లాస్టిక్ పొర బిగించి పంపారు. కొబ్బరికాయకి పిలకే కాపలా. అది తీసేస్తే మూడు కళ్లూ బయటపడతాయి, పెంకులో మెత్తటి చోటు అదే. దాని మీద ప్లాస్టిక్ చుడితే విశాఖ ఉక్కపోతలో చెమ్మ లోపలే నిలిచిపోతుంది. రెండు రోజులు చాలు, కళ్ల చుట్టూ నల్లబడి బూజు పట్టడానికి. పూర్ణా మార్కెట్‌లో అమ్మేవాళ్లు పిలక ఉంచి, కొన్నాకే పీచు పీకి ఇవ్వడం ఊరికే కాదు.

మూడింట్లో రెండు కాయల కళ్ల దగ్గర వేలు పెడితే తడి తగిలింది. చెవి దగ్గర ఊపితే ఒకదాంట్లో నీళ్ల చప్పుడే లేదు. పాత పద్ధతిలో అయితే ఆ రెండూ అదే క్రేటులో వెనక్కి వెళ్లిపోయేవి. ఇప్పుడు డెలివరీ అబ్బాయి చెప్పింది ఒకటే మాట: "నా ఫోన్లో ఆ ఆప్షన్ తీసేశారండి, మీరు యాప్‌లోనే పెట్టుకోవాలి." అతని తప్పేమీ లేదు. కాయ ఫొటో పెడితే, లోపం కనిపించడం లేదని జవాబు. నీళ్ల చప్పుడు ఫొటోలో ఎలా కనిపిస్తుంది? కాయ కొట్టి, లోపల పసుపు రంగుకి తిరిగి జిడ్డుగా మారిన కొబ్బరిని ఫొటో తీసి మళ్లీ పెడితే, వాడిన వస్తువుకి వాపసు ఉండదని రెండో జవాబు. కొట్టకపోతే రుజువు లేదంటారు, కొడితే వాడేశారంటారు. మూడోసారి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడితే గానీ కదల్లేదు. అప్పటికి పూజ కాయ వీధి చివరి కొట్టు నుంచి వచ్చి, పూజ కూడా అయిపోయింది.

వాపసు వచ్చింది 76 రూపాయలు కాదు, 71 రూపాయల 31 పైసలు. 1,620 రూపాయల ఆర్డర్ మీద 100 రూపాయల కూపన్ వాడితే ఆ వందని ప్రతి వస్తువు మీదా ధర ప్రకారం పంచుతారు. రెండు కాయల వాటా 4 రూపాయల 69 పైసలు, అది కోసేశారు. లెక్కలో తప్పులేదు, కానీ ముందు తెలియకపోతే మోసంలా అనిపిస్తుంది. పైగా ఆ డబ్బు యాప్ వాలెట్‌లో పడింది, 60 రోజుల్లో వాడకపోతే పోతుంది. యూపీఐతో కట్టినవాళ్లు వాపసు కోరే పేజీని చివరిదాకా కిందకి జరిపితే 'చెల్లించిన ఖాతాకే' అనే గడి ఉంటుంది, అది ఎంచుకోవాలి. నగదు ఇచ్చినవాళ్లకి ఆ గడి కనిపించదు, వాలెట్ ఒక్కటే దారి.

ఇదివరకు ఇదే యాప్ గురించి "సరుకు ఏరడంలో వీళ్లకి సాటి లేదు" అని రాశాను. ఆ మాట కొంత సవరించుకోవాలి. అప్పుడు దుకాణంలో బాగా ఏరేవారు, బాగాలేనిది తిరిగొస్తుందన్న జాగ్రత్తతో. గుమ్మం దగ్గర కాదన్న సొరకాయ అదే పూట దుకాణానికి చేరి, ఏరినవాళ్ల కళ్ల ముందే ఉండేది. ఇప్పుడు ఫొటో ఎక్కడో కాల్‌సెంటర్‌కి పోతుంది, డబ్బు ఇంకో ఖాతా నుంచి వస్తుంది, ముదిరిన బెండకాయ ఎవరు వేశారో దుకాణంలో ఎవరికీ తెలియదు. అందుకే గత ఏడెనిమిది నెలల్లో దొండకాయల్లో పండినవి, కొత్తిమీర కట్టలో నడుమ కుళ్లిన కాడలు, జీడిపప్పు గుళ్లు అడిగితే సగం బద్దలు. జీడిపప్పుకి పేరున్న పలాస మన ఉత్తరాంధ్రలోనే ఉండగా, మనకి బద్దలు గుళ్ల ధరకి అంటగట్టడం మరీ బాధ.

డెలివరీ వేళలు మాత్రం ఇప్పటికీ బాగున్నాయి, ఉదయం 7 నుంచి 9 అన్నది దాదాపు ఎప్పుడూ తప్పలేదు.

వాడక తప్పనివాళ్లు ఓటీపీని చివరిదాకా అట్టే పెట్టుకోండి. రెండు నిమిషాలు ఆగమంటే ఎక్కువమంది ఆగుతారు. సరుకంతా నేల మీద పరిచి, బిల్లు కనిపించేలా ఒక ఫొటో. అనుమానం ఉన్న వస్తువుకి దగ్గరగా ఒకటి. తూకం సరుకు వంటింటి కాటా మీద అంకె కనిపించేలా ఇంకొకటి. కిలో టమాటా సంచి 930 గ్రాములే తూగిన రోజుంది, ఆ కాటా ఫొటోకి మాత్రం మారు మాట్లాడకుండా డబ్బిచ్చారు. బొంబాయి రవ్వ, సేమియా ప్యాకెట్ తెరవకముందే వెలుతురుకి ఎత్తి చూడండి. మూలల్లో సాలెగూడులా పోగులు, ఉండలు కనిపిస్తే పురుగు పట్టినట్టే. తెరిచాక పెడితే ఒప్పుకోరు. కార్ట్‌ని 1,499కి అంచున ఆపకండి, కనీసం 200 ఎక్కువ ఉండాలి. ప్యాక్ చేసేటప్పుడు ఒక వస్తువు లేదని తీసేస్తే బిల్లు పరిమితి కిందకి జారి, కూపన్ పోయి, 49 రూపాయల డెలివరీ ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ పడతాయి. లేనిదాని బదులు ఇంకొకటి (ప్రత్యామ్నాయం) వద్దు అన్నది కూడా ప్రతి ఆర్డర్‌కీ విడిగా నొక్కాలి, పాత ఎంపిక గుర్తుండదు.

వాపసు కుదరదంటే అక్కడితో వదిలేయక్కర్లేదు. వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం లోపం ఉన్న సరుకుని వెనక్కి తీసుకోవడానికి గానీ, డబ్బు తిరిగివ్వడానికి గానీ అమ్మకందారు నిరాకరించకూడదు. కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆ ఆఫీసర్ ఈమెయిల్ యాప్‌లో 'మా గురించి' పేజీ అడుగున ఉంది. కొబ్బరికాయల విషయం కదిలింది ఈ నియమం పేరు ఫోన్‌లో చెప్పాకే. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

యాప్ పూర్తిగా తీసేశానా అంటే లేదు. లిఫ్ట్ లేని మూడో అంతస్తుకి 26 కిలోల బియ్యం బస్తా, అయిదు లీటర్ల నూనె డబ్బా, బట్టల సబ్బులు మోసుకొచ్చేవాళ్లు దొరకడం పెద్ద సాయమే. 25 కిలోల వరకు ప్యాకెట్ బియ్యం మీద 2022 జూలైలో జీఎస్టీ వేశాక ఎక్కడ చూసినా 26 కిలోల బస్తాలే కదా, బరువూ పెరిగింది. సీల్ ఉన్న ఇలాంటి సరుకులో చూసుకోవాల్సింది తేదీ, బరువు, అంతే. నెలకోసారి అవి ఈ యాప్‌లోనే.

కూరగాయలు, ఆకుకూరలు, గుడ్లు, కొబ్బరికాయలు మాత్రం ఆపేశాను. సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, నరసింహనగర్ వైపు ఉండేవాళ్లకి రైతుబజారు దగ్గరే, రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, కాయ చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు. మధురవాడ, పీఎం పాలెం పైవైపు అపార్ట్‌మెంట్లలో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకి ఇదే మాట చెప్పలేను. వాళ్లకి పండిన దొండకాయలతో సహా ఈ యాప్ అవసరమే, అందుకే గుమ్మం దగ్గర వాపసు వాళ్లకైనా తిరిగి పెట్టాలని గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాశాను. అందినట్టు జవాబు వచ్చింది, ఇంకా ఏమీ తేల్చలేదు.