ఐదంచెల తోట సెట్టు: ఉద్దానం ఇసుకలో నిలుస్తుందా?

ఉద్దానంలో కొత్త తోట వేసేవాళ్లు కలిపి కొనే మొక్కల జట్టే ఐదంచెల సెట్టు: పైన కొబ్బరి, దాని కింద పనస, ఆ కింద జీడి, వాటి మధ్యలో మునగ, అరటి, నేలమీద పసుపు, అనాస. ఆలోచన నూటికి నూరుపాళ్లూ మంచిది. మొక్కలు ఏరుకోకపోతే మాత్రం డబ్బు దండగ.

వర్షారణ్యానికి పెద్ద బలం ఇలా అంచెలంచెలుగా రకరకాల జాతులు కలిసి ఉండడమే. అమెజాన్ అడవిలో రబ్బరు చెట్లు వేరే జాతుల మధ్య దూరదూరంగా ఉంటాయి, ఒకదానికి ఆకుతెగులు పట్టినా ఇంకోదానికి సులువుగా అందదు. 1928 నుంచి అమెరికా కార్ల వ్యాపారి హెన్రీ ఫోర్డ్ అక్కడే అడవి కొట్టించి రబ్బరొక్కటే దగ్గరదగ్గరగా నాటించాడు. తెగులు తోటంతా పాకింది. 1945లో ఆ భూమి బ్రెజిల్ ప్రభుత్వం చేతికి తిరిగి వెళ్లింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను దెబ్బ తిన్న పలాస, కవిటి రైతులకు ఒక్క పంటనే నమ్ముకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి సెట్టులో ఎన్ని పేర్లున్నాయని కాదు, ఎన్ని రకాల పని చేసే మొక్కలున్నాయని చూడాలి.

కొబ్బరి మొక్క ఏడాదిదై, ఆరాకులు వేసి, మొదలు చుట్టుకొలత 10 సెంటీమీటర్లు ఉంటేనే తీసుకోండి. మొక్కకీ మొక్కకీ 25 అడుగులు. మీటరు పొడవు, వెడల్పు, లోతున గొయ్యి తీసి, అడుగున రెండు వరసల కొబ్బరి డొక్కలు (పీచు తొక్కలు) వాటి లోపలి గుంట పైకి ఉండేలా పరవండి. ఇసుకలో తడి పట్టి ఉంచేవి అవే.

పనస దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. కవర్లో ఎక్కువకాలం ఉంచిన మొక్కకు తల్లివేరు అడుగున చుట్ట చుట్టుకుంటుంది. నాటాక పైకి పచ్చగానే కనబడుతుంది, పెద్ద గాలికి మొదలంటా ఒరుగుతుంది. కవరు అడుగు తడిమి చూడండి. ఏపుగా పెరిగినదానికన్నా మోకాలెత్తుది నయం.

జీడి అంట్లన్నీ బీపీపీ-8 లాంటి ఒకే రకమైతే పూత ఒకేసారి వస్తుంది. ఆ రోజుల్లో మంచు పట్టినా, టీ దోమ (పూత, చిగుళ్ల రసం పీల్చే పురుగు) తగిలినా తోటంతా దెబ్బే. రెండు మూడు రకాలు కలిపి అడగండి.

పసుపు, అనాస ఎంపిక బాగుంది, నీడ ఓర్చుకుంటాయి. కొబ్బరికి ఎనిమిదేళ్లు దాటాక నీడ చిక్కబడుతుంది, మునగకు ఎండ చాలదు.

పెద్ద లోటు, నత్రజని పట్టే పప్పుజాతి మొక్క ఒక్కటీ లేకపోవడం. గట్టు వెంట వానల్లో గ్లైరిసీడియా కొమ్మలు గుచ్చి, ఆకు కోసి పాదుల్లో వేయండి. సాళ్ల మధ్య అలసంద, పిల్లిపెసర చల్లండి.

అరటి విషయంలో జాగ్రత్త. కొబ్బరిని పట్టే సర్పిలాకార తెల్లదోమ అరటి మీదా బతుకుతుంది, కొబ్బరి పక్కనే వరసగా పెట్టకండి. దోమ కనబడిందని పురుగుమందు కొడితే దాని పిల్లల్లో గుడ్లు పెట్టి చంపే ఎన్కార్సియా అనే బుల్లి కందిరీగా చస్తుంది. ఆకుల అడుగున నీళ్లు జోరుగా కొట్టండి. ఎన్కార్సియా ఉన్న ఆకు ముక్కలు పక్క తోట నుంచి తెచ్చి మట్టలకు కట్టండి.