ఇగ్లూ కట్టాలంటే పానా కొనాలా, రంపం చాలా?

ఆర్కిటిక్ కెనడాలో అక్కడి ఆదివాసులైన ఇన్యూట్‌లు ఇగ్లూ కట్టడానికి మంచు కోసే కత్తిని పానా అంటారు. ఒకప్పుడు కారిబూ అనే ధ్రువపు జింక కొమ్ముతోనో వాల్రస్ దంతంతోనో చేసేవాళ్లు, ఇప్పుడు ఉక్కువి దొరుకుతున్నాయి. పక్కనే మామూలు వడ్రంగి రంపం పెట్టుకునేవాళ్లూ ఎక్కువే.

మంచు దిమ్మెలు కొయ్యడం వరకైతే రంపమే నయం. దిమ్మె పొడవు 60–90 సెంటీమీటర్లు, మందం 15–20 ఉంటుంది కాబట్టి కోత తిన్నగా, త్వరగా వస్తుంది. ముతక పళ్లది తీసుకోండి, సన్న పళ్ల మధ్య మంచు పట్టేస్తుంది.

పానా పనితనం తెలిసేది మొదటి వరస గుండ్రంగా పేర్చాక. దాని పై అంచును మూడు నాలుగు దిమ్మెల మేర ఏటవాలుగా చెక్కితే, అక్కణ్ణుంచి గోడ మరచుట్టులా పైకి లేస్తుంది. సెంట్రింగ్ లేకుండా గుమ్మటం లేపడమంటే తాపీమేస్త్రి నవ్వుతాడేమో గానీ, ఇక్కడ ప్రతి దిమ్మె కింది వరస మీదా పక్కదాని మీదా ఆనుకునే నిలబడుతుంది. కింది అంచు రెండు మూలలే ఆనాలి, నడుమ కాస్త గుల్లగా చెక్కాలి. నడుమ తగిలిందో, దిమ్మె ఊగి జారిపడుతుంది. ఆనించాక అతుకులో పానా దూర్చి రెండు మూడుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించి, పైన అరచేత్తో తట్టండి: కూర్చుని పట్టేస్తుంది. రంపం బ్లేడు పల్చన, సందులో వంగిపోతుంది. ఆఖరి దిమ్మె మరీ పేచీ. కన్నం కంటే కాస్త పెద్దదిగా కోసి, నిలువుగా పైకి దాటించి, ఒక చేత్తో మోస్తూ రెండో చేత్తో కింది నుంచి చెక్కుతూ దించాలి. ఆ ఇరుకులో రంపం తిరగదు.

కొనేటప్పుడు పిడి చూడండి. మందపాటి గ్లవ్స్‌తో రెండు చేతులూ పట్టాలి, ఇనుము చేతికి తగలకూడదు. బ్లేడు బిర్రుగా ఉండాలి. రాత్రి వెచ్చటి చోట పెట్టొద్దు: వేడి బ్లేడుకి మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టి పొరలా అంటుకుంటుంది, ఇక కొయ్యదు.

మంచు బాగోకపోతే ఏ పనిముట్టూ ఆదుకోదు. ఒకే తుపానులో గాలికి గట్టిపడ్డ మంచు మేట కావాలి. పొరలు పొరలుగా ఉన్నది మోస్తుండగానే పొర దగ్గర విరుగుతుంది. సన్నటి కర్ర గుచ్చితే అడుగుదాకా ఒకే బిగువుతో దిగాలి.

పైకప్పులో గాలి కన్నానికీ పానా మొనే చాలు. లోపల కుల్లిక్ అనే ఇన్యూట్‌ల నూనె దీపమో స్టవ్వో వెలుగుతున్నంతసేపూ అది మూసుకుపోకుండా పొడుస్తూ ఉండాలి.