క్రిస్మస్ సాయంత్రం కృష్ణమ్మ మీద తెరచాప పడవ

డిసెంబరు 25న మధ్యాహ్నం వరకు ఆసుపత్రిలో డ్యూటీ ఉన్నందున శ్రీకాకుళంలోని మా ఇంటికి వెళ్లలేక, తోటి నర్సులు ఇద్దరితో కలిసి విజయవాడలో ఒక తెరచాప పడవను రెండు గంటలకు అద్దెకు తీసుకున్నాను.

ప్రకాశం బ్యారేజీ నీటిని నిలిపి ఉంచడం వల్ల ఎగువన కృష్ణానది సరస్సులా నిశ్చలంగా ఉంటుంది కాబట్టి, మొదటిసారి ఎక్కిన మాకు కూడా భయం కలగలేదు. ఎదురుగాలిలో తెరచాప పడవ నేరుగా సాగలేదని, ఒకసారి కుడికి, మరోసారి ఎడమకు ఏటవాలుగా మలుపుతూ ముందుకు తీసుకెళ్లాలని పడవ నడిపే అన్న ఓపికగా వివరించి, చుక్కానిని కొంతసేపు నా చేతికే ఇచ్చారు. ఇంజను మోత లేకపోవడం ఈ విహారానికి అసలైన అందం. భవానీ ద్వీపం చెట్ల వెనుక పొద్దు వాలుతుండగా ప్లమ్ కేకు కోసి, అమ్మకు వీడియో కాల్ చేశాను. ఆమె ప్రార్థన చేస్తుంటే ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. "అన్నం తిన్నావా తల్లీ?" అని చివర అడిగినప్పుడు మాత్రం నాకు కన్నీళ్లు ఆగలేదు.

లోపాలు కూడా చెప్పాలి. ఒక లైఫ్ జాకెట్ బకిల్ విరిగి ఉంది. మేము అడిగాకే మార్చారు. నీటి మీద ఇది చిన్న పొరపాటు కాదు. తెరచాప కొయ్యకు క్రిస్మస్ స్టార్ వెలిగిస్తామని బుకింగ్ సమయంలో చెప్పారు గానీ, బ్యాటరీ లేక అది వెలగలేదు. ఇంట్లో ఏటా నాన్న కట్టే స్టార్‌ను తలచుకునే నేను ఈ పడవను ఎంచుకున్నాను.

వెళ్లేవారు నాలుగు గంటలకే బయలుదేరండి, డబ్బు చెల్లించే ముందే జాకెట్లు తొడిగి చూసుకోండి.