కోల్‌కతానా, కొచ్చినా: 2017 అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి ఎవరు బాగా సిద్ధమయ్యారు?

రెండూ ప్రభుత్వ స్టేడియాలే, రెండు చోట్లా ఖర్చయింది జనం డబ్బే. కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో కృత్రిమ టర్ఫ్ పీకేసి అసలు గడ్డి వేశారు, సిమెంటు మెట్లు పోయి బకెట్ సీట్లు (ఒక్కొక్కరికి విడివిడి కుర్చీలు) వచ్చాయి, అందుకే ఒకప్పుడు లక్షకు పైగా కూర్చున్న చోట సుమారు 66,000 మందికే చోటు మిగిలింది. జనం గొణిగారులెండి. కానీ వానలకి గువాహటి మైదానం పాడైతే ఇంగ్లండ్-బ్రెజిల్ సెమీస్ ఇక్కడికే మార్చగలిగారు, ఫైనల్ ఎలాగూ ఇక్కడే.

కొచ్చి కథ వేరు. ఆ స్టేడియం కట్టడంలోనే దుకాణాలున్నాయి, భద్రత కోసం వాటిని మూయించాలన్నారు, అద్దెదారులు కోర్టుకెక్కారు, పైగా ప్రేక్షకుల సంఖ్యని 29,000 దగ్గరికి కుదించారు. ఫుట్‌బాల్ అంటే ప్రాణమిచ్చే కేరళలో!

నా ఓటు కోల్‌కతాకే. డబ్బు ఎక్కువ పెట్టారని కాదు, సెమీస్ హఠాత్తుగా నెత్తిన పడినా తట్టుకునేలా మైదానం తయారుగా ఉందని. కొచ్చిలో ఆ అద్దెదారులతో రెండేళ్ల ముందే కూర్చుని మాట్లాడి ఉంటే చివర్లో అంత టెన్షన్ ఉండేది కాదేమో.